ముందూ వెనకా లేని కాఫీ

మా మేనత్త పోయింది. ఆ కబురు నాకు మొదట అందించింది చుట్టాలు కాదు, మొయినాబాద్ రోడ్డు పక్కన కాఫీ దుకాణం నడిపే ఒకాయన. పొద్దున్నే ఫోన్ చేసి, అమ్మ పంపే పాలు ఇంకా రాలేదు, ఫోన్ కూడా ఎత్తడం లేదు, మీకేమైనా తెలుసా అని అడిగాడు. వానొచ్చినా, పండుగొచ్చినా, ఎన్నికలొచ్చినా ఆమె పాలక్యాను ఆటోలో ఆ దుకాణానికి చేరకుండా ఉన్న రోజు లేదు. ఆయన మాట పూర్తి చేసేలోపే నేను చెప్పులు తొడుక్కున్నాను. నేను అత్త ఊరు చిన్న మంగళారం చేరేసరికి వాకిట్లో మనుషులున్నారు. కొట్టంలో బర్రెలు ఇంకా ఎవరూ పిండక అరుస్తున్నాయి. అత్త మంచం మీద ఒక పక్కకు ఒత్తిగిలి ఉంది. నిద్రలోనే గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు. బాధ పడకుండా పోయిందని వచ్చినవాళ్లంతా అన్నారు. నాకా మాట ఓదార్పు కాలేదు. ఆమె చేతిలో ఇంకా ఒక పని మిగిలే ఉంది.

ఆమె గురించి పేపర్లో వేసుకునేంత గొప్పలేవీ లేవు. ఒక దఫా వార్డు మెంబరుగా చేసింది, అదీ ఊళ్లోవాళ్లు పట్టుబడితే. మామ పోయాక, పిల్లల్లేని ఆ ఇంట్లో రెండు బర్రెలతో, కాసిన్ని కూరగాయల మళ్లతో, ఊరందరి తగాదాలతో ఊపిరాడనంత పని పెట్టుకుని బతికింది. నేను మీకు చెప్పాలనుకుంటున్నది ఆమె ఒక కాఫీ మిషను కొన్న వైనం. పెద్ద హోటళ్లలో బుస్సుమంటూ చిక్కటి కాఫీ దించుతుందే, ఆ ఎస్‌ప్రెస్సో మిషనులో ఇంటికి సరిపోయేది. జన్మలో కాఫీ తాగని మనిషి, చాయ్ తప్ప ఇంకొకటి నోట పెట్టని మనిషి దాన్ని ఎందుకు కొన్నదో, ఎట్లా ఎంచుకున్నదో మీకు చెప్పాలి. నవ్వొస్తే నవ్వండి. నేనూ నవ్వాను.

మా బాపుకూ చిన్నాయనకూ ఆమె ఒక్కతే అక్క. మా ఊరు సురంగల్‌లో తాత భూమిని అన్నదమ్ములు పంచుకున్నప్పుడు రోడ్డు వైపు ముక్క చిన్నాయనకు, వెనక ముక్క బాపుకు వచ్చాయి. వెనక ముక్కకు పోవాలంటే ముందు ముక్కలోంచే బాట. ఆ బాట ఎంత వెడల్పు విడవాలన్నదే తగాదా. అది పెద్దమనుషులు కూర్చుంటే ఒక పూటలో తెగిపోయేది. కూర్చున్నారు కూడా. సగం తెగింది. ఇంతలో చాయ్ వచ్చింది.

చిన్నాయన అప్పటికే మండలంలో నలుగురికి తెలిసిన లీడరు. తెల్లచొక్కా, వెనక ఇద్దరు ముగ్గురు మనుషులు, చేతిలో మోగుతూనే ఉండే ఫోను. హోటల్ నుంచి చాయ్ తెచ్చినవాడు ఆ చొక్కాను చూసి మొదటి గిలాస తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాడు. పక్కనే బాపు కూర్చుని ఉన్నాడు, ఇంటికి పెద్దవాడు. అన్నకియ్యి అని చిన్నాయన ఆ గిలాసను పక్కకు జరిపి ఉంటే సరిపోయేది. ఫోన్లో మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక గుక్క తాగేశాడు. బాపు లేచి, తువ్వాల దులిపి భుజాన వేసుకుని, ఎవరు పిలిచినా వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి ఆయన ఆ బాటలో అడుగు పెట్టలేదు. పక్కవాళ్ల గట్ల మీదుగా ఊరంతా తిరిగి తన పొలానికి పోయేవాడు. చాయ్ కోసం పంచాయితీ వదిలేసి పోయినాయన కాళ్లు నేను పట్టాలా అని చిన్నాయన బిగుసుకున్నాడు. పెళ్లిళ్లకు ఒకరు పొద్దున వస్తే మరొకరు సాయంత్రం వచ్చేవారు. పంతంలో మాత్రం ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే.

పట్నంలో ఉన్నవాళ్లకు, చాయ్ ఎవరికి ముందిస్తే ఏమిటని అనిపించవచ్చు. మా దగ్గర నలుగురు కూర్చున్నచోట మొదటి గిలాస ఎవరి చేతిలోకి పోయిందో చూసే ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో తేల్చేస్తారు. అది అందరికీ తెలుసు, తెలియనట్టు అందరూ మాట్లాడతారు. అత్త మాత్రం తెలియనట్టు నటించలేదు. తమ్ముళ్లలో ఎవరిది తప్పని ఆమెను అడిగితే ఒకటే చెప్పేది:

"తప్పొప్పులు నాకెందుకు బిడ్డా. ముందుగాల ఒక్క దగ్గర కూసోవాలె. కూసున్నంక కావాలంటే కొట్లాడుకోండ్రి."

వార్డు మెంబరుగా ఉన్నప్పుడు కూడా ఆమె పద్ధతి అదే. తగాదా పడ్డవాళ్లను తీసుకొచ్చి ఒకే మంచం మీద కూర్చోబెట్టేది. మంచం కుక్కిదైతే మరీ మంచిదనేది, ఇద్దరూ నడుముకు జారి భుజాలు తగులుతాయట.

తమ్ముళ్ల విషయంలో మాత్రం ఆమె విద్య పారలేదు. తాత సంవత్సరీకం నాడు ఇద్దరినీ ఎట్లాగో తన అరుగు మీద కూర్చోబెట్టింది కానీ, చాయ్ దగ్గర మళ్లీ చిక్కొచ్చింది. రెండు గిలాసలు రెండు చేతుల్లో పట్టుకొచ్చి ఇద్దరి ముందూ ఒక్కసారే చాచింది. కుడిచేతిది బాపు వైపు, ఎడమచేతిది చిన్నాయన వైపు పడింది. ఎడమచేత్తో ఇచ్చింది నేను తీసుకోనని చిన్నాయన మొహం తిప్పుకున్నాడు. ఇంకోసారి రెండు గిలాసలూ తాంబాళంలో పెట్టి మధ్యలో ఉంచింది. ఎవరైనా ఇస్తే మనకే ముందు ఇవ్వాలి గానీ, మనంతట మనం తీసుకోవాల్సి వస్తే ముందు చెయ్యి చాచినవాడు లోకువ. ఇద్దరూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. చాయ్ మీద మీగడ కట్టింది. చివరికి ఆ రెండు గిలాసలూ తనే తాగి, సాయంత్రం దాకా కడుపులో మంట అని నాతో చెప్పి నవ్వింది. ఆ నవ్వు కింద ఎంత దిగులు ఉందో నాకు తెలుసు.

అట్లాంటి రోజుల్లోనే కాఫీ దుకాణం ఆయన ఆమె పాలకు వంక పెట్టాడు. పాలు మరీ చిక్కగా ఉంటున్నాయి, నురగ అనుకున్నట్టు రావడం లేదు అన్నాడట. చిక్కగా ఉన్నాయని పాలకు వంక పెట్టినవాణ్ని ఆమె అంతకుముందు చూడలేదు. నా పాలను వీడు ఏం చేస్తున్నాడో చూస్తానని కొంగు బిగించి ఆటో ఎక్కింది. అక్కడ ఎవరో మొగుడూ పెళ్లాలు కాఫీ కోసం నిలబడి ఉన్నారు. దుకాణం ఆయన పిడి ఉన్న గరిటె లాంటి దాంట్లో కాఫీ పొడి అదిమి, మిషనుకు తగిలించి, బటన్ నొక్కాడు. ఆ పిడి కింద రెండు ముక్కులు. రెండింటి కింద రెండు కప్పులు. రెండింట్లోనూ ఒక్కసారే ధార మొదలై ఒక్కసారే ఆగింది.

అత్త పాల సంగతి మరిచిపోయింది. ఇంకోసారి చేసి చూపించమని అడిగి, కప్పులకు కళ్లు సమానంగా వచ్చేట్టు కాళ్ల మీద కూర్చుని చూసిందట. ఇంటికి చేరకముందే ఆటోలోంచి నాకు ఫోన్ చేసింది.

"ముందు వెనక లేకుంట పోసే మిషిని ఒకటున్నది బిడ్డా. అసొంటిది ఇండ్లల్ల పెట్టుకునేది సుత వస్తదా, జర చూడు."

నేను చేవెళ్లలో ఒక కాలేజీలో లెక్కలు చెబుతాను. ఏది కొన్నా పట్టిక గీసి, కాలమ్‌లు పెట్టి పోల్చే రోగం నాకుంది. కాఫీ మిషను అనగానే ఫోన్లో వీడియోల మీద వీడియోలు చూశాను. పంపు ఎంత ఒత్తిడితో నీళ్లను తోస్తుంది, ఎంతసేపట్లో వేడెక్కుతుంది, గింజలు లోపలే దంచుకుంటుందా, పాలకు ఆవిరి గొట్టం ఉందా, గ్యారంటీ ఎన్నాళ్లు. ఇదంతా తలకెక్కించుకుని ఒక ఆదివారం ఆమె ఇంటికి పోయి పాఠం చెప్పినట్టు చెప్పాను. ఆమె చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తల ఎత్తకుండా వింది. ఆమె వినడం ఎప్పుడూ అంతే, చేతులు పనిలో ఉంటేనే చెవులు పనిచేస్తాయనేది. అంతా విని మూడు సంగతులు అడిగింది. రెండు ముక్కులూ సమానంగా పోస్తాయా? మన స్టీలు గిలాస దాని కింద పడుతుందా? కరెంటు తగ్గినప్పుడు ఆగకుండా నడుస్తుందా?

నేను చూసిన వీడియోల్లో ఒక్కదాంట్లోనూ ఈ మూడింటికి జవాబు లేదు. ప్రపంచంలో ఇన్ని దేశాల వాళ్లు కాఫీ మిషన్లు కొంటున్నారు, ఏ అన్నదమ్ములకూ ఈ అవసరం రాలేదు కాబోలు. సులువుగా ఉంటుందని, చిన్న డబ్బీ వేసి నొక్కితే చాలు కాఫీ వచ్చే రకం ఒకటి చూపించాను. దానికి ఒకటే ముక్కు ఉంది. ఒక్క ముక్కుదే కావాలంటే నా చాయ్ గిన్నె లేదా అంది.

ఇక లాభం లేదని ఆమెను మెహిదీపట్నం అవతల ఒక పెద్ద దుకాణానికి తీసుకెళ్లాను. బయల్దేరేటప్పుడు సంచిలో రెండు స్టీలు గిలాసలు, ఒక సీసాలో బోరు నీళ్లు పెట్టుకుంది. ఇంటి నీళ్లతో ఎట్లా నడుస్తుందో చూడాలట. దుకాణంలో సేల్స్ కుర్రాడు మమ్మల్ని నేరుగా అన్నిటికంటే ఖరీదైన దాని దగ్గరికి తీసుకెళ్లాడు. ముందు తెర, తెర మీద బొమ్మలు, అన్నీ తనే చేసుకుంటుంది. దానికీ రెండు ముక్కులున్నాయి కానీ పక్కపక్కనే అతుక్కుని ఉన్నాయి, రెండు గిలాసలు వాటి కింద ఇమడలేదు. పైగా లోపల ఏం జరుగుతుందో కనిపించదు. పాలు పిండేవాడు గోడ అవతల కూర్చున్నట్టుందని అత్త పెదవి విరిచింది. ఇంకోదాని కింద గిలాస పట్టలేదు. దానికి చిన్న పింగాణీ కప్పులు ఫ్రీగా ఇస్తామని అతను ఆశ పెట్టాడు. ఆ కప్పును వేళ్ల మధ్య పట్టుకుని తిప్పి చూసి, దీంట్లో పోసిస్తే మా పెద్ద తమ్ముడు దూడకు మందు పోస్తున్నావా అని అడుగుతాడు అంది.

చివరికి ఒక మూలన, తెరా బొమ్మలూ లేని సాదా ఇనుప రంగు మిషను కనిపించింది. ఒక పిడి, పిడికి రెండు ఎడంగా ఉన్న ముక్కులు, కింద జాలీ. ఆ జాలీ తీసేస్తే స్టీలు గిలాస సరిగ్గా పట్టింది. ఆవిరి గొట్టం గురించి కుర్రాడు చెప్పబోతే, పాలు కాగబెట్టుకోవడానికి నాకు పొయ్యి ఉంది, అది వదిలేయమంది. ఆమె తెచ్చిన బోరు నీళ్లు పోసి అతను కాఫీ దించాడు. అత్త రెండు గిలాసలనూ వెలుతురులో పక్కపక్కన పెట్టి, ఒకదాని తర్వాత ఒకదాంట్లోకి తొంగి చూసింది. ఎడమదాంట్లో కాస్త ఎక్కువ పడింది. అంత చిన్న తేడాకు రుచేమీ మారదని అతను సర్ది చెప్పబోయాడు.

"రుచి గురించి ఎవరడిగిండ్రు కొడుకా? కొలత జూడు."

అతను బిత్తరపోయి లోపల్నుంచి పెద్దాయన్ని పిలుచుకొచ్చాడు. ఆయన పొడిని వేలితో సమానంగా సర్ది, వంకర లేకుండా అదిమి మళ్లీ దించాడు. ఈసారి రెండూ సరిగ్గా వచ్చాయి. నేను హమ్మయ్య అనుకుని పర్సు తీశాను. అత్త గిలాసలు కడిగి సంచిలో పెట్టుకుంటూ, సాయంత్రం మళ్లీ వస్తామంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆ ట్రాఫిక్‌లో వచ్చిందే పాపం, మళ్లీ సాయంత్రమా అన్నాను. అందరూ వింటుండగానే నాకు పాఠం చెప్పింది.

"ఒక్క పూట పిండి జూసి బర్రెను తెచ్చి కట్టేసుకుంటమా? పొద్దుగాల మంచిగ పాలు చేపేది సాయంత్రం ఎగ్గొడ్తది. రెండు పూటలు జూడంది నేను దేన్నీ కట్టెయ్య."

మా వైపు బర్రెను కొనేటప్పుడు అమ్మేవాళ్ల ఇంటికి రెండు పూటలా పోయి తమ చేత్తో పిండి చూసుకోవడం అలవాటే. కాఫీ మిషనును అట్లా కొన్న మనిషిని మాత్రం ఆ దుకాణం ఆమెనే చూసి ఉంటుంది. మధ్యాహ్నం ఎక్కడో అన్నం తిని, ఒక బట్టల కొట్లో ఏమీ కొనకుండా కాలక్షేపం చేసి, సాయంత్రం మళ్లీ వెళ్లాం. అప్పటికి కబురు పాకి దుకాణంలో పనిచేసేవాళ్లంతా గిలాసల చుట్టూ మూగారు. మళ్లీ మళ్లీ దించి చూపించారు. సమానంగానే వచ్చింది. ప్యాక్ చేస్తూ ఆ పెద్దాయన, ఇంట్లో ఎంతమంది తాగుతారమ్మా అని మర్యాదకు అడిగాడు.

"ఇద్దరే. వాండ్లు ఇంక ఇంటికి రాలే" అంది అత్త.

ఇంటికి తెచ్చాక కొత్త చిక్కు. వాన నీళ్లు జారిపోవాలని అరుగును ఎప్పుడో వాలుగా కట్టారు. దాని మీద పెడితే కాఫీ ఒక పక్కకే ఎక్కువ పోతుంది. ఇంకొకరైతే కింద అట్టముక్క దోపి ఊరుకునేవారు. ఆమె తాపీమేస్త్రీని పిలిపించి, మట్టం పెట్టి చూపించి, మిషను కోసం అరుగు నడుమ ఒక చిన్న సిమెంటు గద్దె కట్టించింది. ఎస్‌ప్రెస్సో మిషనుకు మేస్త్రీ ఎందుకని అతను జుట్టు పీక్కున్నాడు. కాఫీ దుకాణం ఆయన కూడా వచ్చి పొడి ఎట్లా పరచాలో, ఎట్లా అదమాలో నేర్పించి పోయాడు. కొన్నాళ్లు ఆమె దించిన కాఫీ అంతా చామంతి మొక్కలకే పోయింది. దించే ముందు మిషను పక్కన మెత్తగా ఒకసారి తట్టేది, పిండబోయే ముందు బర్రె డొక్క మీద తట్టినట్టు. అట్లా తడితే ఏమవుతుందని నేను ఆట పట్టిస్తే, తట్టకపోతే ఏమవుతుందో నీకు తెలుసా అనేది.

తర్వాత తమ్ముళ్లను పిలిచింది. నాటకాలాడి పిలవలేదు, రోగమొచ్చిందని చెప్పలేదు. ఆమెలో నాకు అన్నిటికంటే నచ్చే గుణం ఇదే. ఇద్దరికీ ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"వాడు సుత వస్తున్నడు. నీకు ముందు ఇయ్య, వానికి ముందు ఇయ్య. నేను చెయ్యే పెట్ట. మిషినే పోస్తది, వచ్చి చూడు."

ఆ మిషను ఏమిటో చూడాలన్న కుతూహలమో, అక్క మాట తీసెయ్యలేకనో, ఇద్దరూ వచ్చారు. గద్దెకు ఈ పక్కన ఒకరు, ఆ పక్కన ఒకరు కూర్చున్నారు. మిషనుకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. వేడి పాలు, చక్కెర పోసిన రెండు గిలాసలు రెండు ముక్కుల కింద పెట్టింది. చిన్నాయన మిషనును ఎగాదిగా చూసి, అక్కా, దీనికి కుడి దిక్కేది అని అడిగాడు. దీనికి చేతులే లేవు, కుడేంది ఎడమేంది తమ్మీ అంది అత్త. నేను నవ్వు ఆపుకోలేక లోపలికి పోయాను.

బటన్ నొక్కింది. బుర్రుమంది. రెండు ధారలూ ఒక్కసారే మొదలయ్యాయి. ఇద్దరూ ముందుకు వంగి, ఎవరి గిలాస వాళ్లు కాదు, ఎదుటివాడి గిలాస చూస్తున్నారు. ఇంతలో కరెంటు పోయింది.

ధారలు రెండూ ఒక్కసారే ఆగిపోయాయి. పాల మీద గోధుమ రంగు చారలు పడి ఆగాయి. ఇన్నాళ్ల కష్టం పోయిందనుకున్నాను. అత్త మాత్రం తాపీగా కూర్చుని, ఇద్దరికీ సగమే వచ్చింది, ఎవరికీ ఎక్కువ లేదు తక్కువ లేదు, కరెంటొచ్చేదాకా ఉండండి అంది. సగం గిలాస వదిలి లేచిపోతే ఓడిపోయినట్టు. ఇద్దరూ కదల్లేదు. చాలాసేపయింది. ఉక్కపోతగా ఉంది. చిన్నాయన ఫోన్ తీసి లైన్‌మన్‌తో మాట్లాడాడు. ఆయన ఫోన్ పెట్టేశాక బాపు అక్క వైపు తిరిగి మొదటిసారి నోరు విప్పాడు.

"ఏమన్నడట లైన్‌మన్? అడుగు వాణ్ని."

అత్త పక్కకు తిరిగి, ఏమన్నాడట తమ్మీ అని చిన్నాయన్ను అడిగింది. చెట్టుకొమ్మ పడ్డదంట, తీస్తున్నరని చెప్పు ఆయనకు అని చిన్నాయన అన్నాడు. ఆమె ఇటు తిరిగి, చెట్టుకొమ్మ పడ్డదంట అని బాపుకు చెప్పింది. వాళ్లిద్దరి నడుమ ఉన్నది ఒక గద్దె వెడల్పే, ఎవరి మాట వాళ్లకు స్పష్టంగా వినపడుతుంది. అయినా ఆమె ఒక్క అక్షరం వదలకుండా అటూ ఇటూ చేరవేసింది.

ఆ తర్వాత ఆదివారాలు అట్లాగే గడిచాయి. ఇద్దరూ వచ్చేవారు, మిషను ఇద్దరికీ ఒక్కసారే పోసేది, మాటలు అక్క మీదుగా పోయేవి. బోరు మోటారు చెడిపోయిన సంగతి, బంతిపూల ధర, ఎవరింట్లో పెళ్లి, ఎవరు ఏ పార్టీలో చేరారు, అన్నీ. ఆ బాట గొడవ కూడా ఆమె నోటి మీదుగానే తెగింది. ట్రాక్టరు పట్టేంత వెడల్పున చిన్నాయన కంచె కడీలు వెనక్కి జరిపించాడు. అయినా బాపు ఆ బాట తొక్కలేదు. అక్కతో కాదు, వాడు నాతో నోరు తెరిచి అన్నా అని పిలిచిననాడు పోతానన్నాడు. అన్న అని పిలిపించుకోవాలంటే ముందు ఆయన తమ్ముడన్నట్టు చూడాలి కదా అని చిన్నాయన అన్నాడు. ఈ రెండు మాటలను కూడా అత్త ఇటువి అటు, అటువి ఇటు చేరవేసింది. ఆ ఒక్క పిలుపు దగ్గర అంతా ఆగిపోయింది.

నాకు ఓపిక ఉండేది కాదు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఉంటే మధ్యలో నీకెందుకీ చాకిరీ, ఒక్కసారి నువ్వు నోరు మూసుకుని కూర్చో, వాళ్లే మాట్లాడుకుంటారు అని పోరాను. ఆమె కాఫీ పిప్పిని చామంతి మొదట్లో వేస్తూ, నోరున్నదే మాట్లాడేందుకు, నాకేం బరువు అంది. నేను బెట్టు చేస్తే వాళ్లు ఇద్దరు కాస్తా ముగ్గురవుతారు అని కూడా అంది. ఆ మాట విన్నాక నేను మళ్లీ పోరలేదు.

ఆమె వల్ల నేను నేర్చుకున్నవి కాలేజీలో కూడా పనికొచ్చాయి. పిల్లలు కొట్లాడుకుంటే మిగతా లెక్చరర్లు ముందు తప్పెవరిదో తేలుస్తారు. నేను ఇద్దరినీ ఒక బెంచీ మీద కూర్చోబెట్టి ఒకే పుస్తకం ఇస్తాను. అన్నిసార్లూ పనిచేయదు. పనిచేసిన ప్రతిసారీ మాత్రం మనసులో ఆమెకు దండం పెట్టుకుంటాను. ఇంత తెలివి ఆమెకు ఎక్కడిదని ఆలోచిస్తే, తెలివి కంటే ఓపికే ఎక్కువనిపిస్తుంది. ఎవరు గెలిచినా ఆమెకు ఒకటే. ఇద్దరూ తన అరుగు మీద ఉండాలి, అంతే ఆమెకు కావాల్సింది. అన్ని ఆదివారాల్లో ఒక్క రోజు కూడా, నేను ఇంత చేశాను అన్న మాట ఆమె నోట నేను వినలేదు.

ఆఖరి ఆదివారం కూడా ప్రత్యేకంగా ఏమీ జరగలేదు. కాస్త ఆయాసంగా ఉందంది, దవాఖానకు పోదామంటే రేపు చూద్దామంది. బాపు ఏదో అన్నాడు, అది చిన్నాయనకు చెప్పింది. చిన్నాయన ఏదో అన్నాడు, అది బాపుకు చెప్పింది. తర్వాత తన కోసం పొయ్యి మీద చాయ్ పెట్టుకుంది. అంతే.

ఆమె పోయిన రోజు తమ్ముళ్లిద్దరూ వచ్చారు. ఏడ్చారు, చేయాల్సినవన్నీ చేశారు, పాడె ముందు భాగం ఇద్దరే మోశారు. ఒకరితో ఒకరు మాత్రం ఒక్క మాట ఆడలేదు. ఆడే దారే పోయింది. మామ తరఫు వాళ్లు దినాలు చేసే రోజు దాకా, వచ్చిపోయే జనం నడుమ ఇద్దరూ చెరో మూలన కూర్చున్నారు. నేను వాళ్లను చూస్తూ, ఆమె చేసిందంతా ఆమెతోనే పోయిందని కుమిలిపోయాను.

దినాల రోజు మధ్యాహ్నం పంక్తులు లేస్తున్నాయి. బాపు అరుగు మీద పాత మంచంలో కూర్చుని ఉన్నాడు. చిన్నాయన ఎవరికీ చెప్పకుండా, తినకుండానే వెళ్లిపోతూ మెట్ల కింద చెప్పుల్లో కాళ్లు పెడుతున్నాడు. బాపు అది చూశాడు. చూసి, ప్రతి ఆదివారం చేసే పనిలాగే పక్కకు తిరిగి, అత్త కూర్చునే చోటు వైపు చూస్తూ అన్నాడు.

"వాణ్ని బువ్వ తిని పొమ్మను."

అక్కడ ఎవరూ లేరు. అన్నాక ఆయనకే తెలిసింది. తల అట్లాగే పక్కకు తిప్పి ఉంచాడు, మళ్లీ ఇటు తిప్పలేకపోయాడు. ఆ మాట నేను చేరవేద్దామని నోరు తెరిచాను. పక్కనున్న మా అమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఒక చెప్పు తొడుక్కుని, ఒకటి తొడుక్కోకుండా చిన్నాయన కిందనే నిలబడిపోయాడు.

"తింట, అన్నా" అన్నాడు చిన్నాయన. "నువ్వు తిన్నవా?"

బాపు లేదన్నట్టు తల ఊపాడు. చిన్నాయన చెప్పు విడిచి మెట్లెక్కి వచ్చాడు. బాపు మంచం మీద కాస్త జరిగి చోటిచ్చాడు.